ఫ్రీడమ్ పార్కు బయట నిలబడినందుకు

బెంగుళూరులో ప్రభుత్వం మీద నిరసన తెలపాలంటే జైలుకు వెళ్లాలి. వెటకారానికి అనడం లేదు, నిబంధనే అది. 2021లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ధర్నా అయినా, ప్రదర్శన అయినా మెజెస్టిక్ దగ్గరున్న ఫ్రీడమ్ పార్కులోనే చేసుకోవాలి. దానికీ ముందుగా పోలీసుల అనుమతి ఉండాలి. ఆ ఫ్రీడమ్ పార్కు ఒకప్పటి సెంట్రల్ జైలు. ఖైదీలను పరప్పన అగ్రహారానికి తరలించాక, కొన్ని గోడలు కూల్చి, కాపలా బురుజునీ కొన్ని బారకాసుల్నీ అలాగే ఉంచి 2008లో పార్కు చేశారు. ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, ఆద్వానీ, మధు దండావతే ఉన్నది ఆ జైల్లోనే. మా నెల్లూరు కవి పఠాభి భార్య స్నేహలతారెడ్డిని పెట్టిందీ అందులోనే.

నేను అక్కడికి వెళ్లలేదు. మేముండే కృష్ణరాజపురం వైపు, నరకబోతున్న చెట్ల కిందే ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. అందుకు నా మీద క్రిమినల్ కేసు నడుస్తోంది. బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. అంతకుముందు ట్రాఫిక్ చలానా కూడా ఎరగను. చట్టం మీరడం తప్పా ఒప్పా అని వాదించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరాక స్టేషన్లో ఏం చెప్పాలి, కోర్టులో ఏం చెప్పాలి అన్న చిక్కు దాకా వచ్చేవాళ్లు తక్కువ. నాకు ఆ చిక్కే పెద్దదిగా తోచింది కాబట్టి ఇది రాస్తున్నాను.

చెట్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. రోడ్డు వెడల్పు చేయడానికి నిద్రగన్నేరు, కానుగ చెట్ల మీద పెయింటుతో నంబర్లు వేశారు. కర్ణాటకలో యాభై చెట్లకు మించి కొట్టాలంటే ముందు జనం అభ్యంతరాలు అడగాలని చట్టముంది. (ఆ చట్టమూ 1976 నాటిదే. ఎమర్జెన్సీ మనుషుల్ని లోపల పెట్టిన ఏడాదే చెట్లకు రక్షణ వచ్చింది.) అభ్యంతరాలు రాసిచ్చాం. అందినట్టు ముద్ర వేశారు, జవాబు మాత్రం రాలేదు. జవాబుకు ముందే రంపాలు వచ్చాయి. పోలీసు స్టేషన్‌కు వెళ్లి, చెట్ల దగ్గర ఒక పూట ప్లకార్డులు పట్టుకుని నిలబడతాం, అనుమతివ్వండి అని అడిగాం. ఫ్రీడమ్ పార్కుకు వెళ్లండి అన్నారు. "చెట్లను అక్కడికి తీసుకుపోలేం కదా సార్" అన్నాడు మాతో వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. నవ్వి, రూలు రూలే అన్నాడు.

ఇక్కడ ఆయన పక్షం కూడా చెప్పాలి. ఈ ఊరి ట్రాఫిక్ సంగతి చెప్పనక్కర్లేదు. ఒక్క ఊరేగింపుకు సగం నగరం ఆగిపోతుంది, అంబులెన్సులు ఇరుక్కుపోతాయి. ఒకచోట చేసుకోండి అనడంలో కొంత న్యాయముంది. కానీ కోటి దాటిన జనాభాకు ఒకే ఒక్క పార్కు, అదీ ఎవరి కంటా పడని గోడల మధ్య! ఎదుటివాడు చూడకపోతే నిరసన ఎందుకు? మా అధికారులు చూడాల్సింది మా రోడ్డు. మెజెస్టిక్‌లో నేను ఎంత గట్టిగా అరిచినా చెట్లు కొట్టించే ఆయనకు వినపడదు.

అందుకని తెలిసే మీరాం. మీరేముందు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం, వాటికి నేనే పట్టుబట్టాను. రోడ్డు మీదికి దిగకూడదు. ఫుట్‌పాత్ మీద మనిషి నడిచేంత దారి వదలాలి. చెట్టు కొట్టే కూలీలను ఒక్క మాట అనకూడదు, వాళ్లు పొట్టకూటికి వచ్చినవాళ్లు. పోలీసులు పేరడిగితే అసలు పేరే చెప్పాలి. పారిపోకూడదు. ఫలానా రోజు ఉదయం నిలబడుతున్నామని ముందు రోజే స్టేషన్లో ఉత్తరం ఇచ్చి వచ్చాను. "దొంగకు తాళమిచ్చినట్టుంది నీ పని" అన్నారు మావారు. చాటుగా చేస్తే అది దొంగతనమవుతుంది, ముందే చెప్పి చేస్తే ఇంకొకటవుతుంది అన్నది నా వాదన. ఆయన ఒప్పుకోలేదు కానీ ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చారు.

చాలాసేపేమీ నిలబడలేదు. వ్యాను వచ్చింది. నెట్టలేదు, కొట్టలేదు. మహిళా కానిస్టేబుల్ ఒకామె నా మోచెయ్యి పట్టుకుని "మెల్లగా ఎక్కండమ్మా, మెట్టు ఎత్తుగా ఉంటుంది" అంది. అందర్నీ ఎక్కించాక చూస్తే మాతోపాటు పూలమ్మే ఆమె కూడా ఉంది. చింతామణి వైపు నుంచి వచ్చిన తెలుగావిడ. ఆ చెట్ల కిందే బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. మాతో నిలబడ్డ పిల్లల్లో ఎవరో నీళ్లు తాగడానికి వెళ్తూ ప్లకార్డు ఆమె చేతిలో పెట్టారట. "నేను వీళ్లతో రాలేదు సామీ" అని చెప్పింది. చేతిలో ప్లకార్డు ఉంది మరి. మేమూ చెప్పాం. స్టేషన్లో మాట్లాడుకోండి అన్నారు.

స్టేషన్లో ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తుండిపోయింది. బెంచీ మీద మేమంతా ఆధార్ జిరాక్సుల కోసం ఇళ్లకు ఫోన్లు చేసుకుంటున్నాం. ఆమె మాత్రం నేల మీద కూర్చుని బుట్ట మీది తడిగుడ్డ తీసి, సీసాలో నీళ్లు చేతిలో పోసుకుని కనకాంబరాల మీద చిలకరిస్తోంది. వేసవి. రెండు గంటలు దాటితే కనకాంబరం రంగు తిరిగిపోతుందట. కాసేపటికి అంతకుముందు నన్ను వ్యానెక్కించిన కానిస్టేబుల్ వచ్చి ఒక మూర అడిగింది. పూలామె మోచేతి దాకా కొలిచి, ఇంకొంచెం వదిలి తెంపిచ్చింది. డబ్బు తీసుకుంది కూడా. తర్వాత రైటరు, ఇంట్లో పూజుందని రెండు మూరలు తీసుకున్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మిగతావి ఎవరు కొంటారక్కా? సాయంత్రం వరకు ఉంచుతారంట" అంది. మా వాళ్లందరం కలిసి కొన్నాం. ఆ పూట బెయిలు మీద ఇంటికి వెళ్లిన ఆడవాళ్లందరి తలల్లోనూ పూలున్నాయి. నవ్వొచ్చే దృశ్యమే. నాకు మాత్రం కడుపులో ఏదో కెలికినట్టుంది. మేం నిలబడతామని నిర్ణయించుకుని నిలబడ్డాం. ఆమె ఏ నిర్ణయమూ చేయలేదు.

ఎఫ్ఐఆర్‌లో ఐపీసీ 143, 188, 283, వాటికి తోడు 149 వేశారు. చట్టవిరుద్ధంగా గుమిగూడటం, అధికారి ఉత్తర్వును ధిక్కరించడం, దారికి అడ్డం రావడం, గుంపులో ఒకరు చేసినదానికి అందరూ బాధ్యులవడం. గుమిగూడటం అనాలంటే ఐదుగురు ఉండాలి. నలుగురమే నిలబడి ఉంటే ఆ సెక్షన్ వచ్చేదే కాదు. అన్నీ బెయిలిచ్చే సెక్షన్లే కనుక పూచీకత్తు మీద పంపేశారు. 2024 జులైలో ఐపీసీ పోయి కొత్త న్యాయ సంహిత వచ్చింది కానీ, పాత నేరానికి పాత సెక్షన్లే. మా కేసు ఇప్పటికీ ఐపీసీ కేసే.

తర్వాత చాలాకాలం ఏమీ లేదు. కేసు సంగతి మరిచిపోయే సమయానికి చార్జిషీటు వేశారని సమన్లు వచ్చాయి. అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేసుకుంటున్న ఒక కుర్ర లాయరు ఫీజు లేకుండా చూస్తానన్నాడు. మంచివాడు, తెలివైనవాడు. మొదటి మాటే "మేడం, మీరు మార్నింగ్ వాక్‌కు వెళ్తున్నారు. అక్కడ జనాన్ని చూసి ఆగారు. పోలీసులు పొరపాటున పట్టుకున్నారు. అంతే కదా?" అన్నాడు.

"కాదు. నేనే వాళ్లందర్నీ పిలిచాను. ముందు రోజు ఉత్తరం కూడా ఇచ్చాను."

"ఆ ఉత్తరం చార్జిషీటులో లేదు మేడం. వాళ్లు పెట్టలేదు. మనమెందుకు గుర్తు చేయడం?"

అబద్ధమాడి బయటపడేదానికి నిలబడటం ఎందుకు? నేను ఆ చెట్ల కింద చెప్పదలుచుకున్నది ఒకటే: ఈ ఉత్తర్వు సరైంది కాదు, అందుకే మీరుతున్నాను. వాకింగ్‌కు వెళ్తున్నానంటే ఆ మాట గాలికి పోయినట్టే. మీరింది నిజం, కానీ మీరలేదని చెప్తానంటే నేను చేసింది నిరసన కాదు, దొరక్కుండా తప్పించుకోవడం. ఈ మాటే చెప్పాను. అతను కాసేపు పెన్ను ఆడించి, "అయితే ఒప్పుకుని జరిమానా కట్టేయండి. గాంధీగారు అదే చేశారు కదా" అన్నాడు. కాస్త ఎత్తిపొడుపుగానే.

గాంధీ చేసింది నిజమే. 1917లో చంపారన్ వదిలి వెళ్లమని ఉత్తర్వు ఇస్తే వెళ్లలేదు. మోతీహారి కోర్టులో ఆయన మీద పెట్టింది నా మీదున్న ఈ 188 సెక్షనే. నేరం ఒప్పుకుంటున్నాను, అధికారమంటే గౌరవం లేక కాదు, నా అంతరాత్మ చెప్పింది విని మీరాను అన్నాడు. సర్కారే కేసు వెనక్కి తీసుకుంది. 1922లో అహ్మదాబాదులో రాజద్రోహం కేసులోనూ ఒప్పుకుని, అత్యధిక శిక్ష వేయమన్నాడు. ఆరేళ్లు వేశారు. శిక్షను నెత్తిన పెట్టుకోవడంతోనే ఆయన మాటకు బరువొచ్చింది. మీరేవాడికి చట్టమంటే లెక్కలేదని ఎవరూ అనలేకపోయారు.

నాకూ మొదట అదే సరైందనిపించింది. ఒప్పుకుంటాను, వేసింది కడతాను.

ఆ వారంలో ఒకరోజు మెట్రో ఎక్కి ఫ్రీడమ్ పార్కుకు వెళ్లాను. అనుమతి ఉన్న ధర్నా ఏదో జరుగుతోంది, జీతాల పెంపు కోసం. షామియానా, మైకు, పోలీసుల కుర్చీలు. అది దాటుకుని లోపలికి వెళ్తే బారకాసులు. ఎత్తైన కప్పు, ఇనుప ఊచలు. ఇక్కడే ఎక్కడో స్నేహలతారెడ్డి ఎనిమిది నెలలకు పైగా ఉంది. 1976 మేలో పట్టుకున్నారు. పేరుకు బరోడా డైనమైట్ కేసు, అంటే రైలు పట్టాలూ వంతెనలూ పేల్చడానికి కుట్ర పన్నారని జార్జ్ ఫెర్నాండెజ్ మీదా ఆయన మనుషుల మీదా పెట్టింది. లోపల ఉంచింది మాత్రం మీసా నిర్బంధ చట్టం కింద. విచారణ లేదు. ఉబ్బసం మనిషి. ఆరోగ్యం పూర్తిగా పాడయ్యాక 1977 జనవరి 15న పెరోలు మీద వదిలితే 20న పోయింది. ఆమె పోయిన మరి రెండు నెలలకే ఎమర్జెన్సీ పోయింది.

ఆమె తనకు తానుగా వెళ్లి నేను మీరాను, శిక్ష వేయండి అనలేదు. జార్జ్ ఫెర్నాండెజ్ అసలే అనలేదు. వేషాలు మార్చుకుని దేశమంతా తిరిగాడు, 1976 జూన్‌లో కలకత్తాలో దొరికేదాకా. ఆయన తమ్ముడు లారెన్స్‌ను ఇదే బెంగుళూరులో పట్టుకుని చిత్రహింస పెట్టారు. వీళ్లు గాంధీ కంటే తక్కువవాళ్లా? అక్కడ నిలబడి చాలాసేపు ఇదే ఆలోచించాను. గాంధీ ఒప్పుకోలు చెల్లడానికి ముందు కొన్ని వసతులున్నాయి. తెరిచిన కోర్టు ఉంది. ఎదురుగా వినే జడ్జీ ఉన్నాడు. మర్నాడు అచ్చువేసే పత్రికలున్నాయి. తెల్లవాడి రాజ్యమే అయినా ఆ మాత్రం ఉన్నాయి. 1976లో పత్రికలకు సెన్సారు. కోర్టు సంగతైతే ఇంకా అన్యాయం. నిర్బంధంలో ఉన్నవాళ్లు తమను పట్టుకోవడం చెల్లుతుందా అని కోర్టును అడగవచ్చని తొమ్మిది హైకోర్టులు అన్నాయి, కర్ణాటక హైకోర్టు కూడా. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, జస్టిస్ ఖన్నా ఒక్కడూ ఒకవైపుగా, ఎమర్జెన్సీలో అలా అడిగే హక్కు, అంటే హెబియస్ కార్పస్, లేదంది. ఆ తర్వాత నాలుగు రోజులకే స్నేహలత అరెస్టు. అడిగే చోటే మూసేశాక, చూసేవాడే లేనప్పుడు, తనంతట తాను వెళ్లి లొంగిపోవాలని ఏ న్యాయం చెప్తుంది? శిక్ష భరించడమన్నది వినేవాడితో పెట్టుకున్న ఒప్పందం. వాడు తలుపేసుకుంటే ఆ ఒప్పందం మనల్ని కట్టేయదు. దాక్కోవచ్చు, అజ్ఞాతంలో ఉన్నవాడికి అన్నం పెట్టవచ్చు, రాత్రిళ్లు కరపత్రాలు అచ్చువేయవచ్చు. డైనమైట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా మనసు ఒప్పుకోదు. మనుషులు చావకుండా పేలుస్తామనుకోవడం పేల్చేవాడి లెక్క, రైలు పట్టాల పక్కన పడుకున్నవాడికి ఆ లెక్క తెలియదు. అయినా పెన్షన్ తీసుకుంటూ పార్కులో తిరిగే నేను వాళ్ల మీద తీర్పు చెప్పడం సులువు. అది కూడా తెలుసు.

అక్కడే ఇంకో సంగతి కూడా తేలింది. నాది వాళ్ల పరిస్థితి కాదు. మా అపార్ట్‌మెంటు గ్రూపులో కొందరు మా అరెస్టును "ఇది ఎమర్జెన్సీ" అన్నారు. నాకు చిరాకేసింది. నాకు ఎఫ్ఐఆర్ కాపీ ఇచ్చారు, లాయరున్నాడు, వాయిదా తేదీ ఉంది. కానిస్టేబుల్ మెట్టు జాగ్రత్త అంది. ప్రతిదానికీ ఆ పేరు పెడితే నిజంగా దాన్ని అనుభవించినవాళ్లను చిన్నబుచ్చినట్టే. నియంతృత్వం కాదు. కానీ ప్రజాస్వామ్యం లోపల నియంతృత్వపు ముక్కలు అక్కడక్కడా ఉంటాయి, ఈ పార్కు ఉత్తర్వు అలాంటి ముక్క. 2019 డిసెంబరులోనూ ఇలాగే నగరమంతా 144 పెట్టారు. టౌన్ హాల్ దగ్గర ఊరికే నిలబడ్డ చరిత్రకారుడు రామచంద్ర గుహను పట్టుకెళ్లడం దేశమంతా టీవీలో చూసింది. 2020 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ ఉత్తర్వే చెల్లదని తేల్చింది. అంటే ఆ రోజు చట్టం మీరింది నిలబడ్డవాళ్లు కాదన్నమాట. ఆ సంగతి తేలడానికి ఎవరో మీరాలి, ఎవరో కోర్టుకెక్కాలి. వాళ్లంతా మొదటి వాయిదాలోనే ఒప్పుకుని జరిమానా కట్టి వెళ్లిపోయి ఉంటే?

లాయరుకు ఫోన్ చేసి, ఒప్పుకోవడం లేదు, పోట్లాడదాం అన్నాను. అతనికి హుషారొచ్చింది. 188 సెక్షన్ మీద ఎఫ్ఐఆర్ చాలదట. ఉత్తర్వు ఇచ్చిన అధికారి స్వయంగా కోర్టుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప జడ్జీ ఆ కేసు తీసుకోకూడదని సీఆర్‌పీసీ 195 చెప్తుంది. మా కేసులో ఆ ఫిర్యాదు లేదు. ఇది సాంకేతికమైన లొసుగు కదా, దాంట్లోంచి దూరి బయటపడటం అబద్ధమాడటం కంటే మెరుగేం అని అడిగాను. అప్పుడతను చెప్పింది నచ్చింది: "మేడం, మీరేం చేశారో మీరు నిజం చెప్పండి. పోలీసులు ఏం చేయలేదో నేను నిజం చెప్తాను. మీరు మాత్రమే చట్టాన్ని గౌరవించాలా?"

అంతవరకు బాగానే ఉంది. కష్టమొచ్చింది మా వాళ్ల దగ్గర. సాఫ్ట్‌వేర్ కుర్రాడికి పాస్‌పోర్టు రెన్యువల్ ఉంది. కేసు పెండింగులో ఉంటే కోర్టు అనుమతి లేకుండా పాస్‌పోర్టు రాదు. చిన్న జరిమానా పడి కేసు ముగిస్తే ఆ అడ్డం తొలగిపోతుంది. వినడానికి వింతగా ఉంటుంది, దోషినని ఒప్పుకున్నవాడు విమానమెక్కగలడు, నిర్దోషినని పోరాడేవాడు ఎక్కలేడు. ఆ అబ్బాయి మా ఇంటికొచ్చి "ఆంటీ, నన్ను తప్పుగా అనుకోకండి" అన్నాడు, కళ్లలో నీళ్లు. తప్పుగా ఎందుకనుకుంటాను. నాకు పాస్‌పోర్టు అక్కర్లేదు, ఉద్యోగం పోయే భయం లేదు. ధైర్యం అని నలుగురూ అంటున్నది నా విషయంలో సగం పెన్షనే. ఇంకో ఇద్దరు కూడా వాళ్ల వాళ్ల ఇంటి కారణాలతో ఒప్పుకుంటామన్నారు.

పూలామెకు వాయిదా అంటే ఒక రోజు బేరం. పొద్దున సిటీ మార్కెట్‌కు వెళ్లి సరుకు తెచ్చుకుని, కట్టి, అమ్మి, సాయంత్రానికి అప్పు తీర్చాలి. కోర్టు రోజున ఆ గొలుసంతా తెగుతుంది. మేం ఆ నష్టం ఇస్తామంటే మొహమాటపడలేదు, ఇంత అవుతుందని లెక్క చెప్పి తీసుకుంది. లాయరు ఆమెను కేసు నుంచి తప్పించమని పిటిషన్ వేద్దామన్నాడు. ఆమె గ్యారంటీగా గెలుస్తుంది, కాకపోతే మరికొన్ని వాయిదాలు పడతాయి అన్నాడు.

"కట్టేస్తే పోతాది గదా?"

"మీరు చేయనే లేదు కదమ్మా. చేయని దానికి ఒప్పుకోవడమెందుకు?" అన్నాను నేను.

"నేను దినామూ ఫుట్‌పాత్ మీద కూర్చుంటా. అదీ తప్పే అంటారు వాళ్లు. ఎన్నిసార్లు కట్టలేదు? ఇదొకటి" అంది. ఆమె గొంతులో నా మీద కోపం కూడా ఉంది, దాచుకోలేదు. దాచుకోవాల్సిన అవసరమూ లేదు.

వీధి వ్యాపారులకు 2014లో కేంద్ర చట్టమొచ్చింది, సర్వే అయి సర్టిఫికెట్ ఇచ్చేదాకా తొలగించకూడదని. ఆ మాట ఆమెకు చెప్తే, కాగితం ఎవరిస్తారు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

చిన్నప్పుడు చీరాల పేరాల కథ మా మేనమామ చెప్పేవాడు. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఊరికి ఊరే ఇళ్లు వదిలి బయట పాకలు వేసుకుంది. ఎండా వానా అక్కడే, దాదాపు పదకొండు నెలలు. చివరికి ఆయన్ను జైల్లో పెట్టారు, జనం తిరిగి ఇళ్లకు చేరి పన్ను కట్టారు. మేనమామ దాన్ని గొప్పగా చెప్పేవాడు, గొప్పదే. కానీ ఆ పాకల్లో ఉన్నవాళ్లలో తానుగా వచ్చినవాళ్లెందరు, ఊరంతా కదిలితే ఒంటరిగా ఉండలేక వచ్చిన నేతగాడెవరు, పసిబిడ్డతో వచ్చిన బాలింత ఎవరు అని ఇప్పుడు అనిపిస్తుంది. చట్టం మీరే హక్కు నాకుందా అని ఎంతో ఆలోచించాను. నా మీరడం ఖర్చు ఇంకొకరి మీద వేసే హక్కుందా అన్నది ఆ ఫుట్‌పాత్ మీద నిలబడేముందు మాలో ఎవరికీ తట్టలేదు.

కోర్టు రోజు. హాలు నిండా చెక్ బౌన్సు కేసులు, తాగి బండి నడిపిన కేసులు. మా నంబరు పిలవగానే అందరం బోను దగ్గర వరసగా నిలబడ్డాం. ఒప్పుకునేవాళ్లు ముందు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు తల దించుకుని "అవును సార్" అన్నాడు. పూలామె తల ఎత్తే "అవును సామీ, ఎంత?" అంది. వెనక లాయర్లు నవ్వారు. మెజిస్ట్రేటు కూడా నవ్వి, కొన్ని వందల జరిమానా చెప్పారు. అందరివీ మేమే కట్టాం. రశీదు ఆమె భద్రంగా జాకెట్లో పెట్టుకుంది, మళ్లీ ఎవరైనా అడిగితే చూపిస్తుందట. వాళ్ల కేసు విడగొట్టి, మిగిలిన మా కేసును వేరుగా నంబరు చేశారు.

నా వంతు వచ్చింది. రాత్రంతా వాక్యాలు పేర్చుకున్నాను. "నేను అక్కడ నిలబడింది నిజం. ఉత్తర్వు సంగతి తెలిసే నిలబడ్డాను. ముందు రోజు స్టేషన్లో ఉత్తరం కూడా ఇచ్చాను. కానీ అది నేరమని ఒప్పుకోను" అన్నాను, నాకొచ్చిన కన్నడంలో. మెజిస్ట్రేటు ఓపిగ్గా విన్నారు. కళ్లద్దాలు తీసి ఒకసారి నా వైపు చూశారు. తర్వాత టైపిస్టు వైపు తిరిగి, నిందితురాలు నేరం ఒప్పుకోలేదు, విచారణ కోరుతున్నది అని చెప్పారు. అందరికీ రాసే మాటే. నా పెద్ద ప్రసంగం అంతా ఆ ఒక్క లైనులోకి వెళ్లిపోయింది. పోనీ, ఆ ఉత్తరం ప్రస్తావన నోటితోనైనా కోర్టులో పడింది.

బయటికొచ్చాక మెట్ల మీద కాళ్లు వణికాయి. చేసిన నేను చేసింది నేరం కాదని నిలబడ్డాను. ఏమీ చేయని ఆమె నేరం చేశానని ఒప్పుకుని వెళ్లిపోయింది. రికార్డులో దోషి ఆమె. నేను ఇంకా నిర్దోషిని. చట్టం లెక్కలో ఇందులో తప్పేమీ లేదని లాయరు అంటాడు, నిజమే కావచ్చు.

మా అపార్ట్‌మెంటులో ఒకాయన, రిటైరైన ఇంజినీరు, నన్ను లిఫ్టులో ఆపి అడిగాడు: "రేపు మీకు గిట్టని పార్టీవాళ్లు ఇదే పని చేస్తే?" మంచి ప్రశ్న, నేనూ వేసుకున్నదే. ముందే ఉత్తరమిచ్చి, దారి వదిలి, పేరు చెప్పి, పారిపోకుండా నిలబడితే వాళ్ల మాట నాకు గిట్టకపోయినా వాళ్లను వ్యానెక్కించకూడదు అన్నాను. దారి అడ్డగిస్తే, భయపెడితే నావాళ్లయినా నేను సమర్థించను. "చెప్పడం తేలికమ్మా" అన్నాడు. నాలుగో అంతస్తు వచ్చింది, దిగిపోయాడు.

చెట్లలో సగానికి పైగా పోయాయి. మలుపు దగ్గర కొన్ని మిగిలాయి. మా వల్ల మిగిలాయో, రోడ్డు ప్లానే అక్కడ మారిందో ఎవరూ చెప్పరు. పూలామె వాటి కిందికి మారింది. ఇప్పుడు మా పిల్లలు చెరువు గట్టు విషయంలో మళ్లీ నిలబడదాం అంటున్నారు. ఈసారి నేను పెట్టిన షరతు ఒకటే. చుట్టుపక్కల బండి, బుట్ట పెట్టుకునే ప్రతి మనిషి దగ్గరికీ ముందు రోజే వెళ్లి చెప్పి, ఆ పూటకు వాళ్లు దూరంగా ఉంటారో లేదో అడిగి, బేరం నష్టం చేతిలో పెట్టాకే ప్లకార్డు ముట్టుకోవాలి. దీనికి చందాలు వేయాలంటే కొందరు గొణుగుతున్నారు, ఉద్యమానికి ఇదెక్కడి ఖర్చని.

నా కేసులో సాక్షిగా రావాల్సిన కానిస్టేబుల్ వేరే జిల్లాకు బదిలీ అయ్యాడు, సమన్లు మళ్లీ పంపాలి. హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టేయించుకుందామా అని లాయరు అడుగుతున్నాడు. 188 ఒక్కదాని మీదే చాలా తేలిగ్గా వస్తుందట. కానీ అలా కొట్టేస్తే ఫిర్యాదు సరిగా లేదని మాత్రమే రాస్తారు, చెట్ల కింద నిలబడటం నేరమా కాదా అన్నది ఎక్కడా రాయరు. విచారణకు వెళ్తే రాయక తప్పదు, అది నాకు వ్యతిరేకంగానైనా సరే. మావారు హైకోర్టే అంటున్నారు. పై నెల వాయిదా లోపల ఏదో ఒకటి లాయరుకు చెప్పాలి.